మైక్రోట్యూబ్యూళ్లు కణంలో ఎక్కడ మొలుస్తాయో చూడటం: కరిగించి మళ్లీ పెంచే పద్ధతి

మైక్రోట్యూబ్యూళ్లు అంటే ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్‌తో ఏర్పడే, గొట్టాల్లాంటి సన్నని పోగులు. జంతుకణాన్ని మామూలుగా ట్యూబ్యులిన్‌కి స్టెయిన్ చేస్తే కణం నిండా పోగుల చిక్కే కనిపిస్తుంది. ఏ పోగు ఎక్కడ మొదలైందో తేలదు. ఉన్నవన్నీ కరిగించి, మళ్లీ మొలిచేటప్పుడు మొదటి ఒకటి రెండు నిమిషాల్లోనే పట్టుకోవాలి. పోగుకి నాంది పలికేది గామా ట్యూబ్యులిన్ రింగ్ కాంప్లెక్స్ అనే ప్రోటీన్ల గుంపు. అది ప్రధానంగా సెంట్రోసోమ్ (కణంలో పోగులు మొలిచే ముఖ్య కేంద్రం) దగ్గర ఉంటుంది, కానీ ఆర్‌పీఈ1 కణాల్లో (ల్యాబ్‌లో పెంచే మానవ రెటీనా కణాల రకం) గాల్జీ (ప్రోటీన్లను సర్ది పంపే పొరల కట్ట) నుంచి కూడా పోగులు బాగానే మొలుస్తాయి.

12 మి.మీ. కవర్‌స్లిప్‌ల మీద కణాలను ముందురోజే వేయండి. 50-60 శాతం నిండితే చాలు. ఇంక్యుబేటర్ బయట పీహెచ్ మారకుండా మీడియంలో 25 మిల్లీమోలార్ హెపీస్ బఫర్ కలపండి.

కరిగించడానికి ఐస్ ఒక్కటే వాడితే రెండు చిక్కులు. అసిటైలేషన్ అయిన (ట్యూబ్యులిన్‌కి అసిటైల్ గుంపు తగిలిన) గట్టి పోగులు కొన్ని మిగిలిపోతాయి. పైగా గాల్జీ చెదరకుండా సెంట్రోసోమ్ పక్కనే ముద్దగా ఉండిపోతుంది కాబట్టి, ఏ పోగు దేనిదో చెప్పలేం. అందుకే పోగులను కరిగించే మందు నొకొడజోల్‌లో (10 మైక్రోమోలార్) 37 డిగ్రీల వద్ద 2-3 గంటలు ఉంచండి. గాల్జీ చిన్న చిన్న ముక్కలై కణమంతా చెదురుతుంది. రాత్రంతా వదిలేయకండి, విభజనలో ఆగిపోయి గుండ్రబడిన కణాలే మిగులుతాయి. తర్వాత ప్లేటుని ఐస్ కలిపిన నీళ్లలో 30 నిమిషాలు ఉంచండి. ఉత్త ఐస్ ముక్కల మీద పెడితే ప్లేటు అడుగున గాలి నిలిచి సరిగ్గా చల్లబడదు.

ఐస్ మీదే, చల్లటి మీడియంతో అయిదుసార్లు కడగండి. మందు మిగిలితే పోగులు మొలవవు.

ఇప్పుడు కవర్‌స్లిప్‌ని ఫోర్సెప్స్‌తో తీసి, ముందే 37 డిగ్రీలకు వేడెక్కిన మీడియంలో ముంచండి. ప్లేటునే ఇంక్యుబేటర్‌లో పెడితే ప్లాస్టిక్ వేడెక్కేసరికే నిమిషాలు గడిచిపోతాయి, మీ 30 సెకన్లకు అర్థమే ఉండదు. ఒక్కో కవర్‌స్లిప్‌ని ముంచి ఉంచే సమయాలుగా 0, 30, 60, 90 సెకన్లు, 5 నిమిషాలు తీసుకోండి. 5 నిమిషాల కవర్‌స్లిప్ మందు పోయిందని రుజువుకే. అప్పటికి పోగులు కలిసిపోయి లెక్కకు పనికిరావు.

కరిగిన ట్యూబ్యులిన్ వల్ల తొలి క్షణాల చిత్రాలు మసకగా వస్తాయి. 80 మిల్లీమోలార్ పైప్స్, 1 మిల్లీమోలార్ ఈజీటీఏ, 1 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్, పీహెచ్ 6.8 బఫర్‌లో 0.1 శాతం ట్రైటాన్ అనే డిటర్జెంట్ కలిపి 30 సెకన్లు కడిగి, వెంటనే మైనస్ 20 డిగ్రీల మెథనాల్‌లో 5 నిమిషాలు ఫిక్స్ చేయండి. సున్నా సెకన్ల కవర్‌స్లిప్‌కి ఈ బఫర్ చల్లగానే ఉండాలి. అందులో పోగులు కనిపిస్తే ఆ రోజు ప్రయోగం పక్కన పెట్టేయడమే మంచిది.

యాంటీబాడీల దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఆల్ఫా ట్యూబ్యులిన్‌కి వాడే డీఎం1ఏ, గామా ట్యూబ్యులిన్‌కి వాడే జీటీయూ-88 రెండూ మౌస్ ఐజీజీ1, అంటే ఒకే జంతువులో తయారైన ఒకే తరగతి యాంటీబాడీలు. వాటికి అతుక్కునే రంగు యాంటీబాడీ (సెకండరీ) రెంటినీ పట్టేస్తుంది. ట్యూబ్యులిన్‌కి ర్యాట్ వైఎల్1/2, సెంట్రోసోమ్‌కి దాని ప్రోటీన్ పెరిసెంట్రిన్‌ని పట్టే ర్యాబిట్ యాంటీబాడీ, గాల్జీకి దాని ప్రోటీన్ జీఎం130ని పట్టే మౌస్ యాంటీబాడీ తీసుకుంటే మూడూ విడిగా వస్తాయి. వైఎల్1/2 టైరోసిన్ ఉన్న ట్యూబ్యులిన్‌ని గుర్తిస్తుంది, కొత్త పోగుల్లో ఉండేది అదే.

కండర కణాలకు ఈ లెక్క పనికిరాదు. మయోట్యూబ్‌లలో (చాలా కణాలు కలిసిపోయి ఏర్పడే పొడవాటి కండర కణాలు) పోగులు కేంద్రకం పొర నుంచి మొలుస్తాయి, పెరిసెంట్రిన్ కూడా అక్కడికే చేరుతుంది. అక్కడ పెరిసెంట్రిన్‌ని సెంట్రోసోమ్ గుర్తుగా తీసుకోకండి.