పాత స్టీల్ రోడ్ సైకిల్ కొన్నారా? లక్షణాన్ని బట్టి లోపం ఇలా పట్టుకోండి

అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో చదువుకుంటున్న మనవాళ్ళకి 1970లు, 80ల నాటి రాలీ, ప్యూజో, ష్విన్ సైకిళ్ళు సెకండ్ హ్యాండ్‌లో అప్పుడప్పుడూ చవగ్గా దొరుకుతుంటాయి. కొనడం మంచిదే, ఆ స్టీల్ ఫ్రేములు అంత తేలిగ్గా చచ్చేవి కావు. కానీ కొన్నరోజే కొత్త టైర్లు, హ్యాండిల్ టేపు, బ్రేకు వైర్లు ఆర్డర్ పెట్టకండి. ముందు ఫ్రేమ్ సంగతి తేల్చుకోండి. ఫ్రేమ్ బాగుంటే మిగతావన్నీ నిదానంగా బాగుచేసుకోవచ్చు, అదే పాడైతే పెట్టిన ప్రతి డాలరూ దండగే.

సమస్య: మలుపులో కాలి వేళ్ళు ముందు చక్రానికి తగులుతున్నాయి, చేతులు వదిలితే బండి ఒక పక్కకి లాగుతోంది

చిన్న సైజు ఫ్రేముల్లో వేళ్ళు తగలడం మామూలే. కానీ పెద్ద ఫ్రేమ్‌లో కూడా చక్రం డౌన్ ట్యూబ్‌కి (హ్యాండిల్ కింద నుంచి పెడళ్ళ దాకా ఏటవాలుగా వచ్చే గొట్టం) మరీ దగ్గరగా ఉందంటే ఆ సైకిల్ ఎప్పుడో దేన్నో ఎదురుగా గుద్దుకుని ఉంటుంది. పక్కనుంచి చూడండి: ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ళ భాగం) పైభాగం హెడ్ ట్యూబ్ (ఫ్రేమ్ ముందు, హ్యాండిల్ కింద ఉండే పొట్టి గొట్టం) గీతలోనే కిందికి దిగి, తర్వాత ముందుకి వంపు తిరగాలి. మొదట్లోనే వెనక్కి విరిగినట్టు ఉంటే వంగిందన్నమాట.

అంతటితో ఆగకండి, అసలు చూడాల్సింది దాని వెనక ఉంది. హెడ్ ట్యూబ్ నుంచి బెత్తెడు దూరంలో డౌన్ ట్యూబ్ అడుగుభాగం శుభ్రంగా తుడిచి, కళ్ళు మూసుకుని వేలితో రాసి చూడండి. ముడతలాగా ఉబ్బు తగిలినా, టార్చి పక్కనుంచి వేస్తే పెయింటు అడ్డంగా చిట్లిన గీత కనిపించినా ట్యూబ్ నలిగినట్టే. టాప్ ట్యూబ్ (హ్యాండిల్ నుంచి సీటు వైపు అడ్డంగా ఉండే గొట్టం) కింద కూడా ఇలాగే చూడండి.

ఫోర్కు ఒక్కటే వంగితే మరో ఫోర్కు వేసుకోవచ్చు, స్టీరర్ (ఫోర్కు పైన హెడ్ ట్యూబ్‌లోకి దూరే గొట్టం) పొడవు, మరలు కలవాలి అంతే. పాత ప్యూజోల్లో ఫ్రెంచ్ మరలుంటాయి, ఇంగ్లీష్ ఫోర్కు నట్లు వాటికి పట్టవు. ట్యూబ్ నలిగితే మాత్రం ట్యూబ్ మార్చగల ఫ్రేమ్ బిల్డర్ కావాలి, ఆ ఖర్చుకి మరో సైకిలే వస్తుంది. దాన్ని సాగదీసి తిన్నగా చేసి ఘాట్ రోడ్డు దిగడానికి నేనైతే ఒప్పుకోను. ఇంకో మాట, రెనాల్డ్స్ 531 (పేరున్న స్టీల్ ట్యూబ్ రకం) స్టిక్కరున్న ఫ్రేమ్ ఎక్కడైనా పగిలితే ఆర్క్ వెల్డింగ్ చేయించకండి, అది బ్రేజింగ్ (తక్కువ వేడిలో ఇత్తడిలాంటి లోహం కరిగించి అతకడం) కోసం చేసిన స్టీల్, ఎక్కువ వేడికి అతుకు పక్కనే పెళుసెక్కుతుంది.

సమస్య: వెనక చక్రం ఒక పక్కకి జరిగి కనిపిస్తోంది

చైన్ తీసేసి చక్రాన్ని తిప్పి, అంటే ఎడమది కుడివైపు వచ్చేలా పెట్టండి. చక్రానికీ ఫ్రేమ్‌కీ మధ్య ఎక్కువగా ఉన్న ఖాళీ కూడా పక్క మారితే తప్పు చక్రానిది, స్పోకులు సరిచేస్తే పోతుంది. ఖాళీ అదే పక్క ఉండిపోతే తప్పు ఫ్రేమ్‌ది. అప్పుడు ఒక దారం తీసుకుని వెనక డ్రాపౌట్ (చక్రం ఇరుసు కూర్చునే గాడి) నుంచి హెడ్ ట్యూబ్ చుట్టూ తిప్పి రెండో డ్రాపౌట్‌కి బిగుతుగా కట్టండి, సీట్ ట్యూబ్ (సీటు రాడ్డు దిగే గొట్టం) నుంచి దారానికి రెండు పక్కలా దూరం కొలవండి. 2 మి.మీ. కంటే తేడా ఉంటే వంకర ఉన్నట్టే. స్టీల్ కాబట్టి చల్లగానే, కొంచెం కొంచెంగా వంచి సరిచేయొచ్చు, ప్రతిసారీ కొంత వెనక్కి వస్తుంది కాబట్టి కొలుస్తూ పోవాలి. వెనక డ్రాపౌట్ల మధ్య 126 మి.మీ. ఉన్న పాత ఫ్రేమ్‌ని 130 మి.మీ. చక్రం కోసం విడదీసేదీ ఇదే పద్ధతిలో. అల్యూమినియం, కార్బన్ ఫ్రేముల మీద ఈ పని ఎప్పుడూ చేయకండి.

సమస్య: సీటు రాడ్డు కదలడం లేదు

అల్యూమినియం రాడ్డు స్టీల్ ట్యూబ్‌లో గ్రీజు లేకుండా ఏళ్ళ తరబడి ఉంటే రెండూ తేమకి చిలుము పట్టి అతుక్కుపోతాయి. బోల్టు పూర్తిగా తీసేసి, చొచ్చుకుపోయే నూనె పైనుంచి వేయండి. బాటమ్ బ్రాకెట్ (ఫ్రేమ్ అడుగున పెడళ్ళ ఇరుసు, బేరింగులు ఉండే భాగం) విప్పగలిగితే ఫ్రేమ్ తలకిందులు చేసి ఆ దారిలో కూడా పోసి, రాత్రంతా వదిలేయండి. తర్వాత సీటు తీసేసి రాడ్డునే వైస్‌లో బిగించి, ఫ్రేమ్‌ని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా తిప్పండి. ఫ్రేమ్ పొడవే మీకు పెద్ద లీవర్. లొంగకపోతే లోపల రంపపు బ్లేడుతో నిలువుగా కోయడమే, ఓపిక పని. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది నిజమే, కానీ పెయింటునీ చర్మాన్నీ కూడా తింటుంది, పైగా మండే వాయువు వస్తుంది, ఇంట్లో వద్దు. కొత్త రాడ్డు కొనేముందు లోపలి కొలత చూసుకోండి, 27.2 మి.మీ.కి బదులు 26.8 వేసి బిగిస్తే సీటు లగ్గు (రాడ్డుని బిగించే ఫ్రేమ్ కొస) చెవులు నలిగిపోతాయి.

సమస్య: ప్రతి తొక్కుకీ ఒకసారి టక్‌మంటోంది

కాటర్ పిన్ను క్రాంక్ (పెడల్ చేతిని ఇరుసుకి అడ్డ పిన్నుతో బిగించే పాత రకం) అయితే ముందు పిన్నుని అనుమానించండి. తీసేటప్పుడు నట్టుని పిన్ను చివరకి సమంగా ఉంచి, క్రాంక్ కింద ఇనుప గొట్టం ఆనించి ఒక్క గట్టి దెబ్బ వేయాలి, లేకపోతే దెబ్బంతా బేరింగుల మీద పడుతుంది. పిన్ను బాగుంటే బాటమ్ బ్రాకెట్ విప్పాలి. ఇక్కడే చాలామంది మరలు పాడుచేస్తారు. ఇంగ్లీష్ ఫ్రేముల్లో చైన్ వైపు కప్పు (బేరింగు బాల్స్ తిరిగే మరల గిన్నె) గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పితే ఊడుతుంది, ఇటాలియన్, ఫ్రెంచ్ వాటిలో రెండు వైపులా మామూలు దిశే. పాత నాటింగ్‌హామ్ రాలీల్లో మర అంగుళానికి 24 కాదు, 26. కప్పు బాగుంటే పారేయకండి, 1/4 అంగుళం కొత్త బాల్స్ వేసి గ్రీజు పెడితే చాలు.

హ్యాండిల్ నడిమధ్య పట్టేస్తుంటే హెడ్‌సెట్ (హెడ్ ట్యూబ్ రెండు కొసల్లో ఫోర్కు తిరిగే బేరింగులు) కప్పుల్లో గుంటలు పడ్డాయన్నమాట. బాల్స్‌ని పట్టి ఉంచే జాలీ తీసేసి విడి బాల్స్ వేస్తే అవి పాత గుంటల్లో కూర్చోవు, చాలాకాలం నడుస్తుంది.

వానలో బ్రేకు పట్టకపోవడం క్రోమ్ స్టీల్ రిమ్ముల గుణం, అల్యూమినియం రిమ్ముకి మారండి. పాత 27 అంగుళాల టైరుకి పట్టే రిమ్ము వ్యాసం 630 మి.మీ., 700సీ (ఇప్పటి రోడ్ సైకిళ్ళ సైజు) రిమ్ముది 622, కాబట్టి బ్రేకు షూ 4 మి.మీ. కిందికి దిగగలదో లేదో చూసి మరీ కొనండి.