తుఫానులకు ముందు రంపం మిషన్ ఇంజన్ విప్పుతున్నారా? ఇవి చూసుకోండి

2014లో హుద్‌హుద్ అక్టోబర్ 12న వచ్చింది. 2018లో తిత్లీ అక్టోబర్ 11న వచ్చింది. తిత్లీ తర్వాత ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు దారులకు అడ్డంగా పడి ఉన్నప్పుడు రంపం మిషన్ ఉన్నవాడికున్న గిరాకీ ఇంకెవరికీ లేదు. అలాంటి రోజున స్టార్టర్ తాడు లాగితే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి బిగువు) లేక చేతిలోకి జారిపోయిందనుకోండి, చేసేదేమీ ఉండదు. కరెంటు ఉండదు, పార్టుల షాపు తెరవరు. ఇంజన్ పని ఏదైనా ఉంటే సెప్టెంబర్ దాటకముందే ముగించుకోవాలి.

కంపెనీ స్పెషల్ టూల్స్ లేకుండా ఇంజన్ విప్పొచ్చా అని చాలామంది అడుగుతారు. చాలావరకు విప్పొచ్చు. నేను పెట్టుకున్న లెక్క ఒకటుంది. తాడు, చెక్క, పీవీసీ పైపు ముక్క, అట్ట లాంటివి, అంటే పార్టు కంటే మెత్తగా ఉన్నవి ఏవైనా వాడతాను. చేతిలో ఉన్నది పార్టు కంటే గట్టిదైతే మాత్రం ఆగి ఆలోచిస్తాను. పిస్టన్, సిలిండర్ అల్యూమినియం. మంచి మిషన్లలో క్రాంక్ కేసు (క్రాంక్ షాఫ్ట్ తిరిగే కింది డొప్ప) మెగ్నీషియం. మన స్క్రూడ్రైవర్ ఉక్కు.

మొదలుపెట్టే ముందు ప్లగ్ క్యాప్ పీకేయండి, చైన్, బార్ తీసేయండి, ట్యాంకు ఖాళీ చేయండి. కళ్లద్దాలు పెట్టుకోండి. పెట్రోల్‌తో కడిగేచోట బీడీ, స్టవ్ ఏవీ ఉండకూడదు. ఇది తెలిసిన సంగతే అయినా, తెలిసినవాళ్లే ఎక్కువ మరిచిపోతారు.

క్లచ్ (ఇంజన్ ఊపును చైన్‌కి అందించేది) విప్పాలంటే పిస్టన్ కదలకుండా ఆపాలి. ప్లగ్ రంధ్రంలోకి బిగించే ప్లాస్టిక్ స్టాపర్ దొరుకుతుంది, అది లేకపోతే నైలాన్ తాడు చాలు. స్క్రూడ్రైవర్ దూర్చారో పిస్టన్ తలకు చిల్లు పడుతుంది. తాడుకీ ఒక పద్ధతుంది. సైలెన్సర్ తీసి పొగ పోయే రంధ్రంలోంచి చూడండి. పిస్టన్ పైకి వస్తూ ఆ రంధ్రాన్ని పూర్తిగా మూసేశాకే తాడు దూర్చాలి. మొదటిసారి నేనది చూసుకోలేదు. తాడు కొస రంధ్రంలోకి జారింది, పిస్టన్ దాన్ని కత్తెరలా కత్తిరించింది, నైలాన్ పోగులు లోపలే ఉండిపోయాయి. క్లచ్ కోసం కూర్చున్నవాణ్ణి సిలిండర్ మొత్తం ఊడదీయాల్సి వచ్చింది. ఇంకోటి, చాలా మిషన్లలో క్లచ్‌కి ఎడమ మర ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. దాని మీద ఉండే బాణం గుర్తు చూడకుండా ఉలి పెట్టి కొడితే ఇంకా బిగుసుకుని చివరికి పగులుతుంది.

మాగ్నెట్‌కి (కొందరు ఫ్లైవీల్ అంటారు) పుల్లర్ (దాన్ని షాఫ్ట్ మీంచి లాగే టూల్) కొనుక్కోవడమే నయం. సుత్తితో షాఫ్ట్ చివర కొట్టి ఊడదీసేవాళ్లున్నారు, నేనూ చేశాను. నట్టును షాఫ్ట్ అంచు దాకా ఉంచి, మాగ్నెట్‌ని ఒక చేత్తో పైకి లాగుతూ తేలికగా తట్టాలి. గట్టిగా కొడితే ఆ దెబ్బ క్రాంక్ బేరింగుల మీద పడుతుంది, రెక్కలు కూడా విరుగుతాయి.

బేరింగుల్లో గరగర లేకపోతే క్రాంక్ కేసు జోలికి వెళ్లకండి. తప్పనిసరైతే రెండు సగాల మధ్య స్క్రూడ్రైవర్ పెట్టి మాత్రం ఎత్తకండి. ఆ అంచు మీద పడ్డ గీతలోంచే రేపు గాలి లోపలికి పోతుంది. హీట్ గన్‌తో వేడి చేస్తే బేరింగ్ సీటు వదులవుతుంది, నీటి చుక్క వేస్తే చుయ్‌మనాలి. గ్యాస్ మంట పెట్టొద్దు. మెగ్నీషియం, దాని మీద పెట్రోల్ జిడ్డు, పైన మంట, ఆ మూడూ ఒకచోట చేరకూడదు. కొత్త బేరింగ్‌ని రాత్రంతా ఫ్రీజర్లో ఉంచి వేడి కేసులో పెడితే దానంతటదే కూర్చుంటుంది. ఇంట్లో చీవాట్లు పడకుండా కవర్లో చుట్టి పెట్టండి.

సిలిండర్ దగ్గర మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు, పాత బైకుల అలవాటుతో లేత్ షాపుకి తీసుకెళ్లి బోరింగ్ చేయించడం. ఆ బైకులకి ఇనుప స్లీవ్ ఉండేది. రంపం మిషన్ సిలిండర్‌కి అల్యూమినియం మీద నికెల్ గానీ క్రోమ్ గానీ పల్చటి పూత ఉంటుంది, బోరింగ్ చేస్తే అదే పోతుంది. పిస్టన్ సీజ్ అయినప్పుడు (వేడెక్కి సిలిండర్‌లో పట్టేసినప్పుడు) ఆ పూత మీద అంటుకున్న అల్యూమినియం మరకను బాత్రూమ్ యాసిడ్‌తో తీయొచ్చు. ఇది నాటు పద్ధతే గానీ పనికొస్తుంది. గ్లవ్స్ వేసుకుని, ఆరుబయట, ఇయర్‌బడ్‌తో మరక మీద మాత్రమే రాయండి. బుడగలు వస్తాయి, మరక కరిగాక ఆగిపోతాయి. ఎంతకీ ఆగకపోతే కింద పూత లేదని అర్థం, ఆ సిలిండర్ పక్కన పెట్టేయండి. తర్వాత నీళ్లతో, వంటసోడాతో బాగా కడగాలి.

పిస్టన్ పిన్ లాక్ (పిన్ను జారకుండా పట్టే తీగ రింగు) తీసేటప్పుడు ఎగిరితే కంటికో, క్రాంక్ కేసులోకో పోతుంది, కింద గుడ్డ కుక్కండి. పాత లాక్ మళ్లీ వాడొద్దు, కొత్తదాని నోరు పైకో కిందకో ఉండాలి, పక్కకి కాదు. పిన్ను సుత్తితో కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. పిస్టన్ మీది బాణం సైలెన్సర్ వైపు. రింగులు నొక్కడానికి కూల్‌డ్రింక్ టిన్ను ముక్క చుట్టి క్లిప్పు వేస్తే చాలు, సిలిండర్ దిగాక అది విప్పడానికి వీలుండాలి అంతే.

ఇక గాలి లీకు. సీజ్ అయిన మిషన్లో కొత్త పిస్టన్ వేసి ఇచ్చేస్తే, ఎందుకు సీజ్ అయిందో చూడకపోతే కొత్తదీ అలాగే పోతుంది. ఆయిల్ సీల్ దగ్గరో, గ్యాస్కెట్ దగ్గరో గాలి లోపలికి పోతే పెట్రోల్, దాంతోపాటు ఆయిలూ తగ్గి వేడెక్కుతుంది. పరీక్షకి సైలెన్సర్, కార్బురేటర్ చోట్ల సైకిల్ ట్యూబ్ ముక్కలు పెట్టి బిగించి, పిస్టన్ కిందికి దించి, ప్లగ్ రంధ్రంలోంచి గాలి కొట్టాలి. పాత బీపీ మిషన్ బల్బు, మీటరు దీనికి భలే ఉపయోగపడతాయి. బీపీ మీటరు మీద 250 దాకా కొట్టి, ముల్లు దిగుతుంటే సబ్బు నురగ పూస్తే లీకు ఎక్కడో బుడగ చెబుతుంది. అయితే ఇది సగం పరీక్షే. లోపలి నుంచి ఒత్తిడి ఉంటే సీల్ పెదవి షాఫ్ట్‌ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, వ్యాక్యూమ్ లాగినప్పుడే వదులుతుంది. దానికి చేతి వ్యాక్యూమ్ పంపు కొనాల్సిందే, ఏ నాటు పద్ధతీ లేదు. అర బార్ దాకా లాగి, షాఫ్ట్ తిప్పుతూ ముల్లు చూడండి. ఒకే ఒక్క టూల్‌కి డబ్బులుంటే నేను దీనికే పెడతాను.

మాగ్నెట్‌కి కాయిల్‌కి మధ్య చాలా మిషన్లలో 0.3 మిల్లీమీటర్ల సందు కావాలి, విజిటింగ్ కార్డు పెట్టి బిగిస్తే సరిపోతుంది.

స్టార్ట్ చేసేటప్పుడు బార్, చైన్, కవరు అన్నీ బిగించి ఉండాలి. ఊరికే చూద్దామని క్లచ్ బయటికి కనిపించేలా రేజ్ చేస్తే అది విడిపోయి ఎగరొచ్చు. షెడ్డులో కాదు, ఆరుబయట. కంపెనీ 50కి 1 (50 పాళ్ల పెట్రోల్‌కి ఒక పాలు ఆయిల్) అంటే లీటరుకి 20 మిల్లీలీటర్ల ఆయిల్, 25కి 1 అంటే 40. మొదటి ట్యాంకు అయిపోయేదాకా పెద్ద దుంగల జోలికి పోకండి, చల్లారాక సైలెన్సర్ బోల్టులు మళ్లీ బిగించండి. ఇప్పుడు బంకులో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, నిల్వ ఉంటే తేమ పీలుస్తుంది. తుఫాను కబురు వచ్చేదాకా మిషన్ పక్కన పెట్టేట్టయితే ట్యాంకు ఒంపేసి, మళ్లీ స్టార్ట్ చేసి, అదే ఆగిపోయేదాకా నడిపి పెట్టండి.