నల్లమలలో బండి దారులు, కాలిబాటలు: హైదరాబాద్ నుంచి వెళ్లేవారికి

యాదగిరిగుట్టో భువనగిరి కోటో ఎక్కి అలవాటైనవారికి కొండ అంటే ముందు శ్రమ, తిరుగు దారిలో సుఖం. నల్లమలలో ఈ వరస తారుమారవుతుంది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డు పట్టుకుని వెళ్తే మన్ననూరు దగ్గర ఘాట్ ఎక్కించి బండే మనల్ని కొండపైకి చేరుస్తుంది. అక్కడ నడిచి చూడవలసిన మల్లెలతీర్థం జలపాతం గానీ సలేశ్వరం శివక్షేత్రం గానీ లోయల అడుగున ఉన్నాయి. అందువల్ల పొద్దున్నే చల్లని వేళలో, ఒంట్లో ఓపిక, సీసాలో నీళ్లు నిండుగా ఉన్నప్పుడు దిగుతాము. ఎండ నడినెత్తికి వచ్చి నీళ్లు అడుగంటే సమయానికి ఎక్కుడు మొదలవుతుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని బయల్దేరే వేళ, నీళ్ల కొలత, వెనక్కి తిరగవలసిన గంట నిర్ణయించుకుంటే ఇక్కడి ఇబ్బందులలో సగానికి పైగా ముందే తప్పించుకోవచ్చు.

ఎక్కడికి వెళ్లవచ్చు, ఎక్కడికి వెళ్లకూడదు

నల్లమల తూర్పు కనుమలలో భాగం. ఈ అడవిలో పెద్ద భాగాన్ని 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంగా ప్రకటించారు. 2014లో రాష్ట్రం విడిపోయిన తరువాత కృష్ణకు ఉత్తరాన తెలంగాణలోకి వచ్చిన భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది. పేరులో ఉన్న పులి నిజంగానే అడవిలో ఉన్నది కనుక, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా రోడ్డు దిగి అడవిలోకి పోవడం నేరం. ఫోను మ్యాపులో సన్నని గీత కనిపించినంత మాత్రాన అది మనం వెళ్లదగిన దారి కాదు. ఆ గీతలలో చాలావరకు అటవీ సిబ్బంది గస్తీ బాటలు, మంటలు వ్యాపించకుండా చెట్టూ చేమా కొట్టి ఖాళీగా ఉంచిన పట్టీలు, పశువుల కాపరులు నడిచిన జాడలు.

మన సొంత బండి నడుపుకోవడానికి మిగిలేవి ప్రధాన రహదారి, దాని నుంచి చీలే కొన్ని రోడ్లు. మన్ననూరు నుంచి వటవర్లపల్లి, దోమలపెంట మీదుగా శ్రీశైలం ఆనకట్టకు దిగి మళ్లీ ఎక్కే రోడ్డు, శ్రీశైలం నుంచి దోర్నాలకు పోయే ఘాట్, దోర్నాల నుంచి ఆత్మకూరుకు అడవిని అడ్డంగా కోసుకుంటూ పోయే రోడ్డు, దక్షిణాన నంద్యాల–గిద్దలూరు కనుమ దారి ముఖ్యమైనవి. ఫరహాబాద్ వ్యూపాయింటుకు అటవీ శాఖ సఫారీ వాహనంలో వెళ్లాలి. శ్రీశైలం దగ్గరి ఇష్టకామేశ్వరి గుడికి అనుమతి ఉన్న జీపులు వెళ్తాయి. ఆ దారి చూసినవారెవరూ తమ సొంత కారును అందులో దించాలని అనుకోరు. వర్షాకాలంలో, సాధారణంగా జూలై నుంచి సెప్టెంబరు నెలాఖరు దాకా, సఫారీలూ లోపలి దారులూ మూసి ఉంటాయి కనుక బయల్దేరే ముందు అటవీ శాఖ వారిని విచారించుకోవాలి.

గేటు వేళను బట్టి ప్రయాణం

మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు బండ్లను వదలరు. రాత్రి వేళ రోడ్డు దాటే జంతువులు వాహనాల కింద పడకుండా పెట్టిన నియమం ఇది; బతిమాలి దాటుదామనుకోవడం అనవసరం. హైదరాబాద్ నుంచి తుక్కుగూడ, కందుకూరు, కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి, డిండి, హాజీపూర్ మీదుగా మన్ననూరు సుమారు 140 కిలోమీటర్లు. తెల్లవారుజామున నాలుగింటికి నగరం దాటితే టీ తాగడానికి ఆగినా ఏడింటిలోపు చేరవచ్చు. అక్కడి నుంచి శ్రీశైలం మరో 75 కిలోమీటర్ల దూరం.

పెట్రోలు, గాలి, నగదు, భోజనం మొదలైన అవసరాలన్నీ కల్వకుర్తిలో గానీ అచ్చంపేటలో గానీ చూసుకోవాలి. మన్ననూరు దాటాక ఫోను సిగ్నలు వస్తూ పోతూ ఉంటుంది, లోయల్లో పూర్తిగా పోతుంది. అందుకే మ్యాపును ముందే ఫోనులో దింపుకోవడంతోపాటు, ఏ దారిన వెళ్తున్నామో, ఎన్నింటికి చెక్‌పోస్టు దాటి తిరిగి వస్తామో కాగితం మీద రాసి ఇంట్లో ఒకరికి ఇవ్వాలి. ‘సాయంత్రానికి వచ్చేస్తాం’ అన్న మాట ఇంట్లో ఎవరికీ పనికిరాదు. ‘ఏడున్నరకు ఫోను రాకపోతే అచ్చంపేట అటవీ కార్యాలయానికి ఫోను చేయండి’ అని చెబితే పనికివస్తుంది. ఆ కార్యాలయం నంబరు కూడా అదే కాగితం మీద ఉండాలి.

బండి, రోడ్డు

రహదారి మీద ఏ కారైనా నడుస్తుంది. పక్క దారులకు మాత్రం నేల నుంచి ఎత్తు ఎక్కువగా ఉన్న బండి, నిజంగా గాలి ఉన్న స్టెప్నీ, జాకీ కింద పెట్టడానికి ఒక చెక్క పలక అవసరం. మెత్తని నేల మీద జాకీ పైకి లేవడానికి బదులు మట్టిలోకి దిగుతుంది, అప్పుడే ఆ పలక విలువ తెలుస్తుంది. అద్దె కారు తీసుకునేవారు మట్టిదారుల గురించి ఒప్పందంలో ఏమి రాసి ఉందో చదవాలి. చాలా ఒప్పందాలలో అటువంటి దారిలో జరిగిన నష్టం అద్దెకు తీసుకున్నవారి నెత్తినే పడుతుంది.

నల్లమల రాయి రెండు రకాలుగా ఇబ్బంది పెడుతుంది. గట్టి క్వార్ట్‌జైట్ రాయి విరిగిన చోట కత్తి అంచులాగా ఉండి టైరు పక్క భాగాన్ని చీలుస్తుంది. పక్క చీలిన టైరుకు పంక్చరు అతుకు పనిచేయదు కనుక రాళ్ల దారిలో చక్రాన్ని రాయి అంచుకు రాసుకుపోనివ్వకుండా, వీలైతే రాయి నెత్తి మీదుగానే నిదానంగా ఎక్కించాలి. పలకరాయి పరుచుకున్న చోట తడిసిందంటే టైరైనా చెప్పైనా జారుతుంది.

ఆనకట్ట దగ్గర కృష్ణ లోయలోకి దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు ఉంచి దిగితే అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. ఏ గేరులో ఎక్కగలమో ఆ గేరులోనే దిగడం పాత డ్రైవర్లు పాటించే పద్ధతి. రెండో గేరులో ఇంజను పట్టు మీద దిగుతూ, మలుపుకు ముందే వేగం తగ్గించి, హారన్ కొట్టి తిరగాలి. ఇరుకు చోట ఎదురుపడితే ఎక్కే బండికి దారి ఇవ్వాలని నియమం, దిగేవారు ఆగాలి. దోర్నాల ఘాట్‌లో బస్సు మలుపు తిరగడానికి రోడ్డు మొత్తం కావాలి, కనుక మలుపులో ఓవర్‌టేక్ చేయాలన్న ఆలోచనే రానివ్వకూడదు.

పక్క దారుల్లో వాగు అడ్డం వస్తే బండి దిగి చూడాలి. నీరు తేటగా ఉండి అడుగు కనిపిస్తూ, చక్రంలో సగానికి తక్కువ లోతు ఉంటే, కర్రతో గుంతలు చూసుకుని, మొదటి గేరులో ఎక్కడా ఆపకుండా దాటవచ్చు. ఎర్రగా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తూ పారుతోందంటే పైన ఎక్కడో వాన పడినట్టే, మన నెత్తి మీద ఎండ కాస్తున్నా సరే. అటువంటి నీరు గంటల్లోనే తగ్గుముఖం పడుతుంది, కాబట్టి గట్టున కూర్చుని ఆగడమే పని. అవతలి గట్టున గుడి ఉంది, పూజ వేళ దాటిపోతోంది అనే తొందరలోనే జనం కొట్టుకుపోతారు.

రోడ్డు పక్క కోతులకు అరటిపండ్లు వేసే మర్యాద వాటికి మేలు చేయదు. తిండి కోసం రోడ్డు మీదికి అలవాటు పడ్డ కోతి చివరికి టైరు కిందనే పడుతుంది.

నడక

కొత్తవారికి మల్లెలతీర్థం మంచి ఆరంభం. వటవర్లపల్లి నుంచి లోపలికి సుమారు 8 కిలోమీటర్లు బండి పోతుంది, ఆ తరువాత సుమారు 350 మెట్లు దిగాలి. వానలు తగ్గాక, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు జలపాతం నిండుగా ఉంటుంది. వేసవిలో రాతి మీద సన్నని ధారే మిగులుతుంది. దిగడం ఎంత తేలికో ఎక్కడం అంత కాదు: దిగడానికి పట్టిన సమయానికి రెట్టింపు ఎక్కుడుకు కేటాయించాలి. సీసా నీళ్లలో సగం దాటకుండానే అడుగుకు చేరాలి, మిగతాది ఎక్కుడుకు దాచాలి. చలికాలంలో మనిషికి రోజుకు 3 లీటర్లు, మార్చి దాటాక 5 లీటర్ల దాకా అవసరం. గుండంలోని నీళ్లు తేటగా కనిపించినా మరిగించకుండా తాగవద్దు. బురద నీటిని తేర్చడానికి ఇక్కడివారు వాడే చిల్లగింజ మట్టిని అడుగుకు దింపుతుంది గానీ క్రిములను చంపదు.

దిగే ముందు రాతి మీద కూర్చుని బూట్ల తాళ్లు విప్పి, మడమను వెనక్కి ఆనించి, చీలమండ దగ్గర బిగించి మళ్లీ కట్టుకోవాలి. వదులుగా ఉన్న బూటులో పాదం ముందుకు జారి ప్రతి మెట్టుకూ బొటనవేలి గోరు బూటు మొనకు కొట్టుకుంటుంది, సాయంత్రానికి గోరు నల్లబడుతుంది. కాలి గోళ్లు ఒకరోజు ముందే కత్తిరించుకోవాలి. నిండు చేతుల చొక్కా వేసుకోవడానికి ముళ్లతోపాటు దురదగొండి కూడా కారణం. చలికాలంలో తీగకు వేలాడే ఆ కాయల మీది గోధుమరంగు నూగు గాలికి రాలి ఒంటికి తగిలినా చాలు, మంట పుడుతుంది. తగిలితే గోకకుండా, నూగును అంటుకునే టేపుతో లాగేసి కడుక్కోవాలి.

సలేశ్వరం సంగతి వేరు. చైత్ర పౌర్ణమి ముందు వెనుకల కొద్ది రోజులు మాత్రమే ఆ దారి తెరుస్తారు. ఈ అడవిలో ఉండే గిరిజనులు చెంచులే అక్కడ పూజారులు. బండ్లు ఆగిన చోటు నుంచి సుమారు 5 కిలోమీటర్లు రాళ్ల మీద ఎక్కుతూ దిగుతూ, చివర కొండ చరియను ఆనుకుని ఒక్కొక్కరే పోవలసినంత సన్నని బాటలో సాగాలి. ‘వస్తున్నాం లింగమయ్యా’ అని వెళ్లేవారు, ‘పోతున్నాం లింగమయ్యా’ అని వచ్చేవారు ఎదురుపడే ఇరుకులో, లోయ వైపున కాకుండా కొండ వైపున నిలబడి దారి ఇవ్వాలి. పైవారి కాలికింది నుంచి రాయి దొర్లడం మామూలే, కనుక ఆ వాలు కింద విశ్రాంతికి కూర్చోకూడదు. రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోవాలి. చేతి సంచి, ఫోను, సంకన పిల్లవాడు అక్కడ పనికిరావు. పౌర్ణమి నాటి రద్దీ తప్పించుకోవాలంటే తెల్లవారగానే దిగి పదింటిలోపు పైకి రావడం మేలు. ఏప్రిల్ ఎండలో మధ్యాహ్నం ఆ రాళ్లు కాలుతాయి, నీడ కరవు, వడదెబ్బ అక్కడే తగులుతుంది.

రెండు రోజుల నడక కోరేవారికి పాత యాత్రాదారి ఉంది. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం, హటకేశ్వరం మీదుగా శ్రీశైలం చేరే ఈ బాట 40 కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. 14వ శతాబ్దంలో రెడ్డి రాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. శివరాత్రికి, ఉగాదికి కన్నడ భక్తులతో సహా వేలమంది నడిచే రోజుల్లోనే అనుమతి ఉంటుంది, అన్నదానాలూ నీళ్లూ ఆ రోజుల్లోనే దొరుకుతాయి. పెచ్చెరువులో రాత్రి ఆగి, మర్నాడు వేకువనే కదలడం వాడుక. భీముని కొలను దగ్గర లోయలోకి దిగి కైలాసద్వారానికి నిట్టనిలువు మెట్లు ఎక్కవలసి వస్తుంది. శ్రీశైలం ఇక దగ్గరే అనుకునే వేళకు ఎదురయ్యే ఈ ఎక్కుడే మొత్తం దారిలో కష్టమైనది, కనుక ముందురోజు ఉత్సాహంలో ఎక్కువ నడిచి కాళ్లు పాడుచేసుకోవద్దు.

జంతువులు, పాములు, నిప్పు

ఇక్కడ నడిచేవారు పులి కంటే ఎలుగుబంటికి ఎక్కువ జాగ్రత్తపడాలి. దానికి చూపు మందం. దగ్గరికి వచ్చేదాకా మనిషిని గుర్తించక, ఉలిక్కిపడి మీద పడుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు రాలేటప్పుడు వేకువన, మునిమాపున ఆ చెట్ల కిందికి వస్తుంది. గుంపుగా మాట్లాడుకుంటూ నడిస్తే మన రాక తెలిసి తప్పుకుంటుంది. కనిపిస్తే పరుగెత్తకుండా, దాని వైపే చూస్తూ వెనక్కి జరగాలి.

పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, పసరు పోయడం ఏదీ చేయవద్దు. ఉంగరాలు, గడియారం తీసి, కరిచిన అవయవం కదలకుండా కర్రకు కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుపోయి, సిగ్నలు దొరికిన చోట 108కి ఫోను చేసి అచ్చంపేటకో సుండిపెంటకో, ఏది దగ్గరైతే అక్కడి ఆసుపత్రికి చేర్చాలి. కాటుకు మందు విషవిరుగుడు సూదే.

ఫిబ్రవరి దాటాక టేకు ఆకులు రాలి నేల ఎండు చెత్తతో నిండుతుంది. బీడీ ముక్క చాలు. వంట చేసుకుందామని పొయ్యి రాజేయడం ఆ నెలల్లో నేరమే కాక ప్రమాదం కూడా. పులిహోర, చపాతీలు, వేరుసెనగ పట్టీలు మూటగట్టుకుంటే పొయ్యి అవసరమే ఉండదు.

బాట పక్కన కనిపించే పెంటలు చెంచుల ఊళ్లు. అడగకుండా గుడిసెల్లోకి తొంగిచూడడం, ఫోటోలు తీయడం తగదు. దారి అడగవలసి వస్తే ‘పెద్దాయనా’, ‘అన్నా’ అని పలకరించి అడగాలి. వారు ‘ఈ పొద్దు అటు వద్దు’ అంటే కారణం చెప్పకపోయినా ఆ మాట వినాలి. తోడుగా వచ్చినవారికి కూలి ఎంతో బయల్దేరే ముందే మాట్లాడుకుని, చిల్లర నోట్లుగా చేతికివ్వాలి.

నడకలో ఎక్కడ ఉన్నా మధ్యాహ్నం ఒంటిగంటకు వెనక్కి తిరగాలని ఇంటి దగ్గరే నిశ్చయించుకోవాలి, గమ్యం కనుచూపు మేరలో ఉన్నా సరే. డిసెంబరులో సాయంత్రం ఆరింటికల్లా చీకటి పడుతుంది, లోయ అడుగున ఇంకా ముందే. పైకి చేరాక బండి కింద చమురు కారుతోందేమో, టైరు పక్కలు చీలాయేమో టార్చి వేసి చూసుకోవాలి. మన్ననూరు చెక్‌పోస్టు దాటి సిగ్నలు రాగానే కాగితం ఇచ్చిన మనిషికి ఫోను చేయాలి.