మురుగు కాలువ పూడిక తీయించాలంటే సర్కారును ఎప్పుడు, ఎక్కడ పట్టుకోవాలి

గోదావరి డెల్టాలో మురుగు కాలువ (చేలల్లో మిగులు నీళ్లు బయటికి పోయే డ్రెయిను) పనికి ఏడాది మొత్తం మీద దొరికేది ఆరు వారాలే. దాళ్వా (రబీ వరి) అయ్యాక ఏప్రిల్ మధ్యలో పంట కాలువలకి నీళ్లు ఆపేస్తారు, జూన్ మొదట్లో సార్వాకి (ఖరీఫ్ వరికి) మళ్లీ వదులుతారు. జరిగితే గిరిగితే పని ఆ మధ్యలోనే జరగాలి. చేలు మునిగాక ఆగస్టులో ధర్నా చేస్తే టీవీలో కనపడతాం గానీ పూడిక కదలదు. అప్పటికి మిషను దిగడానికి గట్టే ఉండదు. అంచనా, పరిపాలన అనుమతి, సాంకేతిక అనుమతి, టెండరు, అగ్రిమెంటు అనే మెట్లన్నీ ఎక్కడానికి తక్కువలో తక్కువ మూడు నెలలు పడుతుంది. అంటే జనవరికల్లా అంచనా ఇంజనీరు బల్ల మీద ఉండాలి. ఊరి రైతు సంఘం కదలాల్సింది సార్వా కోతల రోజుల్లోనే.

ముందు ఆ కాలువ ఎవరిదో తేల్చుకోండి. పంట కాలువ, మురుగు కాలువ రెండూ జలవనరుల శాఖవే అయినా చూసే డివిజన్లు వేరు. డ్రెయిను మీది ఇరుకు కల్వర్టు ఆర్ అండ్ బీదో పంచాయతీరాజ్‌దో అయి ఉంటుంది. చేలోని బోదె (చిన్న పిల్ల కాలువ) రైతులే బాగు చేసుకోవాలి. తప్పు ఆఫీసుకి వెళ్లిన అర్జీ "మా పరిధి కాదు" అనే ముక్కతో రెండు నెలలకి తిరిగొస్తుంది. సీజను అక్కడే పోతుంది.

అర్జీ ఒక్క పేజీ చాలు. డ్రెయిను పేరు, ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు దాకా పూడిందో, అక్కడ నీళ్ల లోతు ఎంతో, దాని కింద ఎన్ని ఎకరాలో, కిందటి సార్వాలో నీళ్లు ఎన్ని రోజులు నిలిచాయో రాయండి. గుర్రపుడెక్క ఎక్కడ పేరుకుందో, ఏ తూము దగ్గర నీరు వెనక్కి తంతోందో ఫోటో పెట్టండి. తేదీ కనపడే ఫోటో అయితే మరీ మంచిది. "రైతులు తీవ్ర ఇబ్బందులు పడుచున్నారు" అనే వాక్యం కొట్టేయండి, అది ప్రతి అర్జీలోనూ ఉంటుంది. సంతకాల దగ్గర జాగ్రత్త. డెల్టాలో సాగు చేసేది చాలావరకు కౌలుదారు, రికార్డులో పేరు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న ఆసామిది. కౌలు రైతుల సంతకాలే ఉంటే "భూమి లేనివాళ్లు" అని పక్కన పెడతారు. ఆసాములవే ఉంటే "సాగు చేసేవాళ్లు అడగలేదుగా" అంటారు. రెండూ ఉండాలి. సర్వే నంబర్లు పక్కనే వేయండి.

అర్జీ మొదట ఏఈకి (అసిస్టెంటు ఇంజనీరుకి), నకలు ఈఈకి (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకి) ఇవ్వండి. తర్వాత సోమవారం కలెక్టరేటులో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. "నిధులు మంజూరు కాగానే చేపట్టబడును" అని రాసి దాన్ని పరిష్కారమైనట్టు మూసేయడం మామూలే. అలా మూస్తే మళ్లీ తెరిపించండి. అంచనా వేశారా, వేస్తే ఏ తేదీన పైకి పంపారు అన్న ఒక్క ప్రశ్నే అడగండి.

ఇక్కడిదాకా కాగితం పని. అసలు బరువు రెండు చోట్ల ఉంది. ఒకటి నీటి సంఘం. 1997 చట్టం కింద నీటి వినియోగదారుల సంఘం, దాని పైన డిస్ట్రిబ్యూటరీ కమిటీ, ఆపైన ప్రాజెక్టు కమిటీ ఉంటాయి. 2024 డిసెంబరులో వీటికి మళ్లీ ఎన్నికలు జరిగాయి, చాలా చోట్ల ఏకగ్రీవమే. ఏకగ్రీవం అన్నాక అధ్యక్షుడు ఎమ్మెల్యే గారు ఖరారు చేసిన మనిషే అయి ఉంటాడు. దాన్ని తిట్టుకుని దూరంగా ఉండటం కంటే ఆ సంఘం చేత తీర్మానం చేయించి మినిట్స్ నకలు తీసుకోవడం మేలు. తీర్మానం ఉన్న పనికి ఇంజనీరు కాదనడం కష్టం.

రెండోది సీజనుకి ముందు కలెక్టరేటులో జరిగే సాగునీటి సలహా మండలి సమావేశం. మంత్రి, ఎమ్మెల్యేలు, ఇంజనీర్లు ఒకే హాల్లో కూర్చునేది అక్కడే. మనకు మైకు రాదు, ఎమ్మెల్యేకి వస్తుంది. అందుకని సమావేశానికి రెండు రోజుల ముందు పీఏ చేతికి అరపేజీ కాగితం చేరాలి. అందులో డ్రెయిను పేరు, కిలోమీటర్లు, ఎకరాలు ఉంటే చాలు. నాలుగు పేజీలిస్తే కారులోనే ఉండిపోతుంది.

ఇక పార్టీలు. ఉమ్మడి ఉభయ గోదావరి జిల్లాల్లో 34 అసెంబ్లీ సీట్లున్నాయి. 2004 నుంచి 2024 దాకా ఇక్కడ ఎక్కువ సీట్లు గెలిచిన పక్షమే రాష్ట్రాన్ని ఏలింది. అందుకే ఏ పార్టీ అయినా గోదావరి జిల్లాలంటే ఒళ్లు దగ్గర పెట్టుకుంటుంది. కానీ ఆ భయం మొత్తం జిల్లా మీద, మీ ఒక్క ఊరి మీద కాదు. మీ ఊళ్లో ఏ సామాజిక వర్గం ఎటు ఓటేసిందో పోలింగ్ కేంద్రాల వారీగా వాళ్ల దగ్గర లెక్క ఉంది. "ఓటు వెయ్యం" అంటే నవ్వుకుంటారు. బరువు పెరగాలంటే డ్రెయిను మొదలు నుంచి సముద్రంలో కలిసే మొగ దాకా దాని మీదున్న ఊళ్లన్నీ కలవాలి. ఆ డ్రెయిను రెండు నియోజకవర్గాల్లో పారితే ఇంకా మంచిది, ఇద్దరు ఎమ్మెల్యేలు ఒకే మాట అడుగుతారు. కమిటీలో ప్రతి పార్టీ వాళ్లూ, ప్రతి పేట వాళ్లూ ఉండాలి. ఒకే కులం, ఒకే జెండా కనపడిందంటే అర్జీ విలువ మండల పార్టీ ఆఫీసులో తేలుతుంది. చాలా ఊళ్లలో నీరు ముందు ఎక్కేది పల్లంలో ఉన్న పేటలోకే. వాళ్ల ఇళ్ల మునక గురించి అర్జీలో మొదటి పేరాలోనే రాయండి, చివర్లో కలపకండి.

ఎక్కువ సంఘాలు దెబ్బతినేది రొయ్యల చెరువుల దగ్గర. రొయ్యల రైతులు తక్కువమంది, చేతిలో డబ్బుంది, నేరుగా మంత్రి దాకా వెళ్లగలరు. వరి రైతులు వేలల్లో ఉన్నా చెల్లాచెదురు. చెరువు గట్టు డ్రెయిన్లోకి జరిగిందనీ, ఉప్పునీళ్లు వదులుతున్నారనీ పూడిక అర్జీలోనే రాస్తే వాళ్లంతా ఆ అర్జీకి అడ్డం పడతారు, పని ఆగుతుంది. నిజానికి పూడిక తీయడం వాళ్లకీ కావాలి. పక్క చెరువు వదిలిన నీళ్లే పారకుండా నిలిచి వాళ్ల చెరువులోకి తెగులు తెస్తాయి. అందుకని పూడిక అర్జీ మీద వాళ్ల సంతకాలు కూడా పెట్టించండి. ఆక్రమణల మీద వేరే అర్జీ, వేరే తేదీన, రెవెన్యూ సర్వే కోరుతూ ఇవ్వండి. ఈ రెండూ కలిపేసి రెండూ పోగొట్టుకోవడం డెల్టా అంతటా ఉన్న జబ్బు.

పంట విరామం, అంటే నిరసనగా ఒక సీజను సాగు మానేయడం, పెద్ద ఆయుధం, కానీ ఊరికే తీసేది కాదు. 2011 సార్వాలో కోనసీమ రైతులు లక్ష ఎకరాల దాకా సాగు మానేస్తే ప్రభుత్వం కారణాలు తేల్చడానికి మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందాతో కమిటీ వేయక తప్పలేదు. 2022లో కోనసీమలోనే మళ్లీ పంట విరామం ప్రకటించారు. ప్రకటించేదేదో నారుమళ్లు పోయకముందే ప్రకటించాలి. నారు పోశాక విరామం అంటే ఎవరూ నమ్మరు. ఆసామి ఒక సీజను మానేసినా తట్టుకుంటాడు, కౌలు రైతూ కూలీ తట్టుకోలేరు. కౌలు మాఫీ మాట ముందే కాగితం మీద పడకపోతే విరామం రెండో వారంలో చీలిపోతుంది.

ధర్నా చేస్తే పోలీసులకి ముందే రాసివ్వండి. డెల్టాలో పోలీసు చట్టం సెక్షన్ 30 (అనుమతి లేకుండా సభలు, ఊరేగింపులు కూడదనే ఆంక్ష) తరచూ అమల్లోనే ఉంటుంది. 216 జాతీయ రహదారి దిగ్బంధం వద్దు. కేసు పడితే గల్ఫు వెళ్లాల్సిన కుర్రాడికి పాస్‌పోర్టు వెరిఫికేషన్లో అడ్డం వస్తుంది. ఊళ్లో సంఘం మీద నమ్మకం అక్కడే పోతుంది.

పని మంజూరైతే సగమే అయినట్టు. పని మొదలుకాకముందు కాలువ అడుగు మట్టానికి తీసిన కొలతల (ప్రీ లెవెల్స్) నకలు అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, ఫీజు పది రూపాయలు, గడువు 30 రోజులు. పైన గుర్రపుడెక్క లాగేసి పూడిక తీసినట్టు పని కొలతలు రాసే ఎం-బుక్‌లో రాయడం, తీసిన మట్టిని గట్టు అంచునే పోయడం ఎక్కువగా జరిగే మోసాలు. అంచున పోసిన మట్టి మొదటి వానకే కాలువలోకి జారుతుంది. కర్ర దింపి లోతు చూడటానికి రోజూ ఇద్దరు గట్టు మీద ఉండాలి. పని అయ్యాక కల్వర్టు గోడ మీద రంగుతో అడుగుల గీతలు గీయించండి. జూలైలో మొదటి పెద్ద వాన తర్వాత నీళ్లు ఏ గీత దాకా ఎక్కాయో, ఎన్ని గంటల్లో దిగాయో పుస్తకంలో రాసి పెట్టండి. నవంబరులో రాసే అర్జీకి అంకెలు ఆ పుస్తకంలోంచే తీసుకోవాలి.