అల్యూమినియమా, నికెల్ అల్లాయా? ఆర్డర్ ఇచ్చే ముందు చూసుకోవాల్సినవి

చెన్నై అంబత్తూరులో మెటీరియల్ కొనే మనవాళ్లు చాలామంది ముందు కిలో రేటే అడుగుతారు. అది తర్వాత. మీ పార్టు ఎంత వేడిలో పనిచేయాలో ముందు తేల్చుకోండి. 6061-టీ6 అల్యూమినియం మామూలు వాతావరణంలో సుమారు 275 మెగాపాస్కల్స్ ఒత్తిడి దాకా శాశ్వతంగా వంగిపోకుండా తట్టుకుంటుంది గానీ, 150 డిగ్రీలు దాటాక దాని బలం తగ్గుతూ పోతుంది. నికెల్ అల్లాయ్ ఇన్‌కొనెల్ 718 అయితే 650 డిగ్రీల దగ్గర కూడా గట్టిగానే నిలబడుతుంది, అందుకే జెట్ ఇంజిన్ల టర్బైన్ డిస్కులకు దాన్ని వాడతారు. మీకు అంత వేడి, ఘాటైన రసాయనాలు లేవా? ఇక నికెల్ ఊసెత్తకండి.

కిలో రేట్లు పోల్చినా లెక్క కుదరదు. ఘన సెంటీమీటరుకు అల్యూమినియం 2.7 గ్రాములు, 718 దాదాపు 8.2, అంటే అదే సైజు పార్టుకు మూడింతల కిలోలు కొనాలి. హీట్ సింక్ (వేడిని లాగి బయటికి వదిలే పార్టు) చేయాలంటే అసలు ఆలోచించక్కర్లేదు, వేడిని లాగడంలో అల్యూమినియం పదింతల పైనే.

మెషినింగ్ ఖర్చు మాత్రం ముందే అడగండి. 718 మీద టూల్ కోయకుండా రుద్దుకుంటూ పోతే ఆ పొర గట్టిపడిపోయి, తర్వాతి కట్‌లో ఇన్సర్ట్ (టూల్‌కు బిగించే కోత ముక్క) అంచు సరిగ్గా ఆ గట్టి పొర తగిలే చోటే గంటు పడుతుంది.

రెండూ కలిపి బిగించే పనైతే, అందులోనూ చెన్నై ఉప్పుగాలిలో, మధ్యలో నైలాన్ వాషర్, బోల్టుకు స్లీవ్ వేయండి. లేకపోతే రెండు లోహాలూ తగిలి, తుప్పు తినేసేది అల్యూమినియాన్నే, బోల్టు చుట్టూ తెల్లపొడి తేలుతుంది.