బ్రౌజర్ దాచుకునే వివరాలపై అదుపు – మూడవ పాఠం: బుక్‌మార్కులు, చరిత్ర

గత పాఠంలో అభ్యాసం కోసమే బ్రౌజర్‌లో ఒక కొత్త ప్రొఫైల్ (బుక్‌మార్కులు, చరిత్ర, అమరికలు విడిగా ఉండే అర) తయారుచేసుకుని, రోజూ వాడే ప్రొఫైల్‌తో కలవకుండా దానిని విడిగా ఉంచుకున్నాం. ఈ పాఠంలోని పనులన్నీ ఆ ప్రొఫైల్‌లోనే చేయాలి, ఎందుకంటే ఇక్కడ చెరిపేవాటిలో కొన్ని తిరిగి రావు. సెట్టింగ్స్ పేజీలో అంశాల చోటు వెర్షన్‌ను బట్టి మారుతుంటుంది కనుక, నేను చెప్పిన చోట ఏదైనా కనబడకపోతే ఆ పేజీ పైభాగంలో ఉన్న వెతుకు పెట్టెలో దాని పేరు కొట్టి చూడండి.

చరిత్ర మనం అడగకుండానే బ్రౌజర్ రాసుకునేది; బుక్‌మార్క్ మనం అడిగితే రాసిపెట్టేది. రెండింటినీ అది దగ్గర దగ్గరగా దాస్తుంది, అడ్రస్ బార్‌లో కలిపి చూపిస్తుంది, కానీ చెరిపే వేళకు దేని నియమం దానిదే. 'హిస్టరీ అంతా క్లియర్ చేశాను, అయినా రెండక్షరాలు కొట్టగానే ఆ సైటు పేరు ఎందుకు వస్తోంది?' అని అడిగేవారికి కావలసిన జవాబు చాలావరకు ఈ తేడాలోనే ఉంది. ఈ పాఠమంతా ఆ తేడాను కంటితో చూసి తెలుసుకోవడానికే.

ముందుగా అవి ఎక్కడ ఉంటాయో చూద్దాం. 2008లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 3 నుంచి ఆ బ్రౌజర్ బుక్‌మార్కులను, చరిత్రను ప్రొఫైల్ ఫోల్డర్‌లోని 'ప్లేసెస్ డాట్ ఎస్‌క్యూలైట్' అనే ఒకే డేటాబేస్ ఫైలులో ఉంచుతోంది. అందులో చిరునామాలకు ఒక పట్టిక, ఏ చిరునామాను ఎప్పుడెప్పుడు తెరిచామో చెప్పే సందర్శనలకు మరొకటి, బుక్‌మార్కులకు ఇంకొకటి ఉంటాయి. ఒక పేజీని చరిత్ర నుంచి తొలగించినప్పుడు దాని సందర్శనల వరుసలు పోతాయి. అయితే ఆ పేజీకి బుక్‌మార్క్ ఉన్నట్లయితే చిరునామా వరుస మాత్రం కదలదు, ఎందుకంటే బుక్‌మార్క్ దానినే ఆధారంగా చేసుకుని నిలబడి ఉంటుంది. సైట్ల చిన్న చిహ్నాలు 'ఫేవికాన్స్' పేరుతో ఉన్న వేరే ఫైలులో ఉంటాయి. క్రోమ్ ఈ రెండింటినీ విడదీసింది. చరిత్ర 'హిస్టరీ' అనే డేటాబేస్ ఫైలులోకి, బుక్‌మార్కులు 'బుక్‌మార్క్స్' అనే ఫైలులోకి వెళ్తాయి. ఈ రెండవది జేసన్ రూపంలో ఉండే మామూలు అక్షరాల ఫైలు, అంటే నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదవగలం.

కాబట్టి దానినే తెరుద్దాం. క్రోమ్ అడ్రస్ బార్‌లో క్రోమ్ అని, తరువాత కోలన్, రెండు ఏటవాలు గీతలు, వెర్షన్ అని కొట్టండి. తెరుచుకునే పేజీలో 'ప్రొఫైల్ పాత్' ఎదురుగా ఫోల్డర్ దారి ఉంటుంది. బ్రౌజర్‌ను పూర్తిగా మూసి, ఆ ఫోల్డర్‌లోని 'బుక్‌మార్క్స్' ఫైలుకు ఒక నకలు తీసుకుని, ఆ నకలునే తెరవండి. ప్రతి బుక్‌మార్క్‌కు పేరు, చిరునామా ఉండటం ఎవరైనా ఊహించగలిగేదే. వాటి పక్కన 'డేట్ యాడెడ్' అనే గుర్తు కింద 17 అంకెల సంఖ్య కూడా ఒకటి ఉంటుంది. అది 1601 జనవరి 1 నుంచి గడిచిన కాలాన్ని మైక్రోసెకన్లలో లెక్కగట్టిన సంఖ్య. ఉదాహరణకు 13348540800000000 అంటే యూటీసీ అనే అంతర్జాతీయ కాలమానం ప్రకారం 2024 జనవరి 1, రాత్రి సరిగ్గా 12 గంటలు. అంటే మీరు ఆ పేజీని ఏ క్షణంలో దాచుకున్నారో అందులో నమోదై ఉంది, చరిత్రను ఎన్నిసార్లు తుడిచినా ఆ క్షణం అక్కడే ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ కూడా ఇలాంటి సంఖ్యనే రాసుకుంటుంది కానీ లెక్క 1970 జనవరి 1 నుంచి మొదలవుతుంది.

ఇప్పుడు చిరునామాలను శ్రద్ధగా చూడండి. నా దృష్టిలో ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన అలవాటు ఇదే. వెతుకు ఫలితాల పేజీని అడ్రస్ బార్‌లోని నక్షత్రం నొక్కి బుక్‌మార్క్ చేసుకుంటే, ఆ చిరునామాలో ప్రశ్నార్థకం తరువాత మీరు వెతికిన మాటలు యథాతథంగా ఉంటాయి. ఈమెయిల్‌లో వచ్చిన లంకెను నొక్కి పేజీ తెరిచి దాచుకుంటే, మీరు ఏ ప్రచారం ద్వారా వచ్చారో చెప్పే 'యూటీఎం' గుర్తులు తోకలా వెంట వస్తాయి. కొన్ని సేవలు లాగిన్‌కు పనికివచ్చే రహస్య సంకేతాన్ని కూడా చిరునామాలోనే ఇరికిస్తాయి. అలాంటిదానిని బుక్‌మార్క్ చేసి ఆ జాబితాను ఇంకొకరికి పంపితే, గడువు తీరనంతవరకు తాళంచెవి పంపినట్లే. అందుచేత నక్షత్రం నొక్కే ముందు ప్రశ్నార్థకం నుంచి చివరి వరకు ఉన్న భాగాన్ని తీసేసి, ఎంటర్ కొట్టి, అదే పేజీ వస్తుందో లేదో చూడండి. వస్తే ఆ చిన్న చిరునామానే దాచుకోండి. రాకపోతే ఆ భాగంలో పేజీ సంఖ్యో, వీడియో గుర్తో ఉందన్నమాట; యూట్యూబ్ వీడియోలకు 'వి ఈక్వల్‌టు' తరువాత వచ్చే అక్షరాలు లేకపోతే పని జరగదు. అప్పుడు అవసరమైన ముక్కను ఉంచి మిగతాది తీసేయాలి. ఇందులో గుడ్డి సూత్రం పనికిరాదు, ప్రతిసారీ ప్రయత్నించి చూడవలసిందే.

అడ్రస్ బార్ సూచనలలో ఏది చరిత్ర నుంచి వచ్చిందో, ఏది బుక్‌మార్క్ నుంచి వచ్చిందో విడదీసి చూడటం తరువాతి పని. ఫైర్‌ఫాక్స్‌లో కీబోర్డు మీది నక్షత్రం గుర్తు (*) కొట్టి, ఒక ఖాళీ వదిలి, మాట కొడితే బుక్‌మార్కులలో మాత్రమే వెతుకుతుంది. నక్షత్రానికి బదులు 6 అంకె మీద ఉండే టోపీ గుర్తు (^) కొడితే చరిత్రలో మాత్రమే వెతుకుతుంది. క్రోమ్‌లో 'ఎట్' గుర్తు (@) వెంటనే బుక్‌మార్క్స్ అని గానీ హిస్టరీ అని గానీ కొట్టి, ట్యాబ్ మీట నొక్కాలి. చెరిపినదేదో నిజంగా పోయిందా అని తేల్చుకోవడానికి ఇంతకంటే తేలిక మార్గం లేదు.

చరిత్ర నుంచి వచ్చిన ఒక్క సూచనను తీసేయాలంటే బాణం మీటతో దాని మీదికి వెళ్లి షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కితే చాలు. బుక్‌మార్క్ మీద ఈ చిట్కా పనిచేయదు. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో అడ్రస్ బార్ సూచనలకు చరిత్ర, బుక్‌మార్కులు, తెరిచి ఉన్న ట్యాబులు అంటూ వేర్వేరు టిక్ పెట్టెలు ఉన్నాయి. ఇతరుల ముందు తెర పంచుకుని మాట్లాడే పని తరచుగా ఉన్నవారు బుక్‌మార్కుల పెట్టెలో టిక్ తీసేసుకోవడం మంచిది. దానివల్ల బుక్‌మార్కులు పోవు, సూచనలలో కనబడటం ఆగుతుంది, అంతే.

ఇక మొత్తంగా చెరపడం. కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కితే రెండు బ్రౌజర్లలోనూ చెరిపే పెట్టె తెరుచుకుంటుంది. అందులో కాలవ్యవధి ఎంచుకోవచ్చు, చరిత్ర, కుకీలు (సైట్లు మనల్ని గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో దాచే చిన్న వివరాలు), క్యాష్ (పేజీల తాత్కాలిక నకళ్లు) విడివిడిగా ఎంచుకోవచ్చు. బుక్‌మార్కుల ఊసు మాత్రం ఆ జాబితాలో ఉండదు. ఒక్క సైటునే మరిపించాలంటే ఫైర్‌ఫాక్స్ చరిత్ర జాబితాలో ఆ సైటు మీద కుడి మీట నొక్కితే 'ఫర్గెట్ అబౌట్ దిస్ సైట్' కనిపిస్తుంది. ఇది పేరు సూచించేదానికంటే బలమైన ఆయుధం. చరిత్రతో పాటు ఆ సైటు కుకీలు, క్యాష్ కూడా పోతాయి, అయినా బుక్‌మార్క్ మాత్రం మిగులుతుంది. క్రోమ్‌లో కంట్రోల్, హెచ్ నొక్కి, సైటు పేరుతో వెతికి, వచ్చినవాటిని ఎంచుకుని తొలగించాలి. క్రోమ్ కంప్యూటర్‌లో ఉంచే చరిత్ర 90 రోజులు దాటాక దానంతటదే పోతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఎప్పటికైనా అవసరమని తోచిన పేజీని చరిత్రకు వదిలేయకుండా బుక్‌మార్క్ చేసుకోవాలి.

అసలు రాసుకోనే వద్దంటే ఫైర్‌ఫాక్స్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో చరిత్రకు సొంత అమరికలను ఎంచుకుని, చూసిన పేజీలను గుర్తుంచుకోమనే టిక్ తీసేయవచ్చు, లేదా మూసిన ప్రతిసారీ చెరపమని చెప్పవచ్చు. టిక్ తీసినంత మాత్రాన అప్పటికే రాసినది పోదు, దానిని విడిగా చెరపాలి. మిగిలింది ప్రైవేట్ విండో. 2005లో సఫారీలో, 2008లో క్రోమ్‌లో, 2009లో ఫైర్‌ఫాక్స్‌లో వచ్చిన ఈ సదుపాయం చరిత్రను, కుకీలను విండో మూసేసరికి వదిలేస్తుంది. అయితే ఆ విండోలో మీరు పెట్టుకున్న బుక్‌మార్క్ మామూలు బుక్‌మార్కులలోనే చేరి శాశ్వతంగా ఉండిపోతుంది. మనం అడిగి దాచుకున్నది కాబట్టి బ్రౌజర్ వైపు నుంచి ఇది న్యాయమే. ఆ విషయం తెలియక ఇబ్బందిపడేది మనమే.

తొలగించిన బుక్‌మార్క్ ఇంకా ఎక్కడ మిగిలి ఉండవచ్చన్నది చివరి ప్రశ్న. ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్‌లోని 'బుక్‌మార్క్‌బ్యాకప్స్' ఫోల్డర్ చూడండి. తేదీల పేర్లతో బుక్‌మార్కుల నకళ్లు అక్కడ ఉంటాయి, మామూలు అమరికలో 15 వరకు ఉంచుతుంది. క్రోమ్‌లో 'బుక్‌మార్క్స్ డాట్ బ్యాక్' అని ఒకే నకలు ఉంటుంది. పొరపాటున ఫోల్డర్ మొత్తం తీసేసినవారికి ఈ నకళ్లు ప్రాణదాతలు. నిజంగానే పోవాలని తీసేసినవారికి ఇవే అడ్డు. రెండవ కోవకు చెందినవారు తొలగించిన తరువాత పాత నకళ్లను కూడా తీసేయాలి. మనంతట మనం ఎగుమతి చేసుకున్న హెచ్‌టీఎంఎల్ ఫైళ్లను మరచిపోవడం ఇంకా సులభం. వాటిలో చిరునామాలు, చేర్చిన సమయాలు ఎలాంటి రక్షణా లేకుండా ఉంటాయి. ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే, ఎప్పుడో కనుమరుగైన నెట్‌స్కేప్ బ్రౌజర్ పేరు ఇప్పటికీ మొదటి వరుసలోనే పలకరిస్తుంది.

పొడిగింపుల (బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే ఎక్స్‌టెన్షన్ల) సంగతి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. బుక్‌మార్కులు చదివే, మార్చే అనుమతి అడిగే పొడిగింపు మనం ఇంతవరకు చూసినదంతా చూడగలదు. బుక్‌మార్కులను సర్దిపెట్టడమే దాని పని అయితే తప్ప ఆ అనుమతి ఇవ్వకండి.

అభ్యాసంగా, ఫైర్‌ఫాక్స్ ప్రైవేట్ విండోలో ఏదైనా వెతుకు ఫలితాల పేజీ తెరిచి, చిరునామాను కత్తిరించకుండానే బుక్‌మార్క్ చేయండి. విండో మూసి, చరిత్ర మొత్తం చెరిపి, టోపీ గుర్తుతో ఒకసారి, నక్షత్రం గుర్తుతో ఒకసారి వెతకండి. తరువాత బుక్‌మార్కులన్నీ హెచ్‌టీఎంఎల్‌గా ఎగుమతి చేసి, ఆ ఫైలులో మీరు వెతికిన మాట ఏ రూపంలో ఉందో గుర్తించండి. తెలుగులో వెతికి ఉంటే అది శాతం గుర్తులతో, అంకెలతో నిండిన వరుసగా కనబడవచ్చు. ఆపైన బుక్‌మార్క్‌ను తొలగించి, బ్యాకప్ ఫోల్డర్‌లో ఈ రోజు తేదీతో ఫైలు ఉందేమో చూడండి. ఎగుమతి చేసిన ఫైలును మాత్రం చెరపకండి; సింక్ (వేర్వేరు పరికరాలలో ఒకే వివరాలు ఉండేలా చూడటం) గురించిన నాలుగవ పాఠంలో దానితో పని ఉంది.