ఫోన్ ఇంటర్వ్యూ: మాట ఎక్కడ తెగుతోంది?

బెంగళూరు వచ్చిన కొత్తలో, మారతహళ్లి పీజీలో ముగ్గురం ఒకే గదిలో ఉన్నప్పుడు, నా మొదటి ఫోన్ ఇంటర్వ్యూ అయింది. పోయింది కూడా. ఇప్పుడు ఆఫీసులో తొలి రౌండు కాల్స్ అప్పుడప్పుడు నేనే చేస్తుంటాను. చాలామంది సబ్జెక్టు రాక పోవట్లేదు, వాళ్ల మాట నా చెవిదాకా రాక పోతున్నారు.

సమస్య: పదకొండింటికి చేస్తామన్నారు, కాలే రాలేదు

వచ్చే ఉంటుంది. 080తో మొదలయ్యే నంబరు చూసి, క్రెడిట్ కార్డు వాళ్లనుకుని మీరే కట్ చేసి ఉంటారు. లేదంటే స్పామ్ ఆపే యాప్ ఆ పని చేసి ఉంటుంది. 080 బెంగళూరు ఎస్టీడీ కోడ్, ఆఫీసు ల్యాండ్‌లైన్లు దానితోనే వస్తాయి. ప్రచారం కాల్స్‌కు కేటాయించింది 140తో మొదలయ్యే నంబర్లు. ఇంటర్వ్యూ ఉన్న వారం ఆటో బ్లాక్, డు నాట్ డిస్టర్బ్ రెండూ తీసేయండి. మిస్సయితే ఆ నంబరుకే తిరిగి చేస్తూ కూర్చోకండి, ఎక్కువగా రిసెప్షన్‌కు పోతుంది. వెంటనే రెండు లైన్ల మెయిల్ పెట్టండి.

సమస్య: "హలో, వినపడుతోందా?" తోనే సగం టైమ్ అయిపోతోంది

పీజీ గదుల్లో గోడకు గోడ, కింది అంతస్తయితే సిగ్నల్ ఒక గీత. సరే అని మేడెక్కితే గాలి హోరు, పైన హెచ్ఏఎల్ పాత విమానాశ్రయం నుంచి లేచే విమానాలు. వంటగది పక్కన మిక్సీ సంగతి చెప్పక్కర్లేదు. ముందురోజు అదే టైముకి, అదే మూల నుంచి స్నేహితుడికి పది నిమిషాలు కాల్ చేసి చూడండి. పొద్దున బాగున్న సిగ్నల్ రాత్రి ఎనిమిదికి ఉండకపోవచ్చు. వైఫై బాగుంటే ఫోన్ సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేసుకోండి. కాకపోతే పీజీలో అందరూ క్రికెట్ చూసే వేళకి దాన్నీ నమ్మలేం.

స్పీకర్ వద్దు, గది గది మొత్తం నాకు వినపడుతుంది. వైరు ఇయర్‌ఫోన్ మేలు, కానీ మైకు చొక్కా కాలరుకు రాసుకుంటే గరగరమంటుంది, చూసుకోండి. బ్లూటూత్ అయితే ఒక ముచ్చట. ఒకబ్బాయి ఎత్తాడు, ఎంతసేపటికీ మాట లేదు. తర్వాత చెప్పాడు, కాల్ బ్యాగులో ఉన్న ఇయర్‌బడ్స్‌కు పోయిందట.

సమస్య: మధ్యలో ఇంకో కాల్

నా ఇంటర్వ్యూ పోయింది దీనివల్లే. ప్రాజెక్టు గురించి చెప్తుంటే చెవిలో టిక్ టిక్. అమ్మ. హోల్డ్ చేయబోయి ఏది నొక్కానో, ఇంటర్వ్యూ కట్టయింది, "తిన్నావా నాయనా?" వినపడింది. కాల్ సెట్టింగ్స్‌లో కాల్ వెయిటింగ్ ఆపేయండి. చాలా నెట్‌వర్కుల్లో #43# డయల్ చేసినా ఆగుతుంది, *43# తో మళ్లీ వస్తుంది. ఇంట్లో వాళ్లకు ఇంటర్వ్యూ టైము చెప్పేటప్పుడు ఒక గంట కలిపి చెప్పండి. సరిగ్గా చెప్తే, అవ్వకముందే "ఏమన్నారు?" అని చేస్తారు.

సమస్య: వాగుతూనే ఉన్నాను, లేదా బుర్ర ఖాళీ

రెంటికీ మూలం ఒకటే, ఎదుటి ముఖం కనపడదు. ఎదురుగా ఉంటే తల ఊపడం చూసి ఆపేస్తాం. ఫోన్‌లో నిశ్శబ్దం వస్తే తప్పు చెప్పామేమోనని భయపడి ఇంకా పోస్తాం. నిజానికి అప్పుడు నేను మీరు చెప్పింది రాసుకుంటుంటాను. రెండు నిమిషాలు చెప్పి ఆపండి, "ఇంకా వివరంగా చెప్పమంటారా?" అని అడగండి. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనడానికి మొహమాటం వద్దు. లైను బాగోలేదనుకుంటాం, అంతే.

ముందు ఒక కాగితం పెట్టుకోండి, అందులో జవాబులు కాదు, ఐదారు మాటలే ఉండాలి: ప్రాజెక్టు పేరు, మీరు చేసిన ముక్క, ఒక అంకె. జవాబు మొత్తం రాసుకుని చదివితే పట్టుబడతారు. అప్పటిదాకా నసిగిన గొంతు ఒక్కసారిగా వార్తలు చదివినట్టు మారిపోతుంది. రెజ్యూమె కూడా ప్రింటు తీసుకోండి, ఫోన్ చెవి దగ్గర ఉంటే అందులోని ఫైలు చూడలేరు. నిలబడి మాట్లాడితే గొంతు తెరుచుకుంటుంది.

ఇంటిపేరు చూసి అవతలివాళ్లు మనవాళ్లే అనిపించొచ్చు. బెంగళూరులో అది మామూలే. వాళ్లు తెలుగులోకి దిగేదాకా మీరు దిగకండి.

సమస్య: జీతం అడిగితే తడబాటు

సీటీసీకీ (అంటే మీ మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చుకీ) చేతికొచ్చేదానికీ తేడా చూసుకోకపోవడమే కారణం. ఏడాదికి 6 లక్షలంటే నెలకు 50 వేలు రావు. బేసిక్‌పై కంపెనీ కట్టే 12 శాతం పీఎఫ్ కూడా సాధారణంగా అందులోనే కలిపి ఉంటుంది, మీ వాటా విడిగా కోస్తారు. పే స్లిప్ ముందు పెట్టుకుని అంకె చెప్పండి. నోటీసు పీరియడ్ (రాజీనామా ఇచ్చాక పనిచేయాల్సిన గడువు) ఎన్ని రోజులో అబద్ధం ఆడకండి, పాత కంపెనీ ఇచ్చే రిలీవింగ్ లెటర్‌లో బయటపడుతుంది.

సమస్య: సెలెక్టయ్యారన్నారు, లాప్‌టాప్ డిపాజిట్ కట్టమన్నారు

అది ఇంటర్వ్యూ కాదు. ఫోన్ పెట్టేయండి. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి.